సాంచాలు ఆగినా మోత ఆగలేదు

ప్రశ్న

సిరిసిల్ల ప్రాంతం నుంచి 59 ఏళ్ల పాఠకుడొకరు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను.

ఆయన 31 ఏళ్లు సాంచాల (కరెంటుతో నడిచే మరమగ్గాల) షెడ్డులో పనిచేశారు. ఒక్కరే ఎనిమిది సాంచాలు చూసుకునేవారు. పగలో రాత్రో పన్నెండు గంటల పని. 20 ఏళ్లుగా షుగరు, 12 ఏళ్లుగా బీపీ ఉన్నాయి. ఐదేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. మూడేళ్ల కిందట రెండు కిడ్నీలూ పాడయ్యాయని తేలింది. అప్పటి నుంచి సోమ, బుధ, శుక్రవారాల్లో నాలుగేసి గంటలు డయాలిసిస్ చేయించుకుంటున్నారు. ఎడమ చేతికి, డయాలిసిస్ సూదులు గుచ్చడానికి చేసిన ఫిస్టులా ఉంది. ఆరోగ్యశ్రీ వల్ల డయాలిసిస్‌కు డబ్బు కట్టనక్కర లేకపోయినా, ఆటో కిరాయిలకూ మందులకూ భార్య బీడీలు చుట్టిన డబ్బే ఆధారం. కొడుకు దుబాయిలో ఉన్నాడు. కోడలు, ఐదేళ్ల మనవరాలు ఇంట్లో ఉంటారు.

షెడ్డు మానేసేనాటికే రెండు చెవుల్లోనూ సన్నగా మోత ఉండేదట. గత ఏడాది తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌తో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చినట్టు డిశ్చార్జి కాగితంలో ఉంది. ఇంటికొచ్చిన రెండు వారాలకు ఆ మోత "కీచురాయి పుర్రెలో దూరి అరుస్తున్నట్టు" మారిపోయింది. ఇది కాక, రాత్రి పడుకున్నాక ఎడమ చెవిలో "గుస్సు గుస్సు"మని ఇంకో చప్పుడు మొదలవుతుంది. చిన్నప్పటి నుంచి ఎడమవైపు తిరిగి, చేయి తల కింద పెట్టుకుని పడుకునే అలవాటట. నిద్ర రెండు మూడు గంటలు మించదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్ర అప్పుడప్పుడు వేసుకుంటున్నారు. ఒక డాక్టరు బీటాహిస్టిన్ మాత్రలూ విటమిన్లూ రాశారు. ఇంకొకరు వయసుతో వచ్చేదే, అలవాటు చేసుకొమ్మన్నారు. పొరుగువారు వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోయించారు. కొడుకు ఫోనులో, "బాపూ, గదే ముచ్చట మళ్ల మళ్ల చెప్తవేందే" అని విసుక్కున్నా, తర్వాత 18,000 రూపాయల మూలికల కోర్సు ప్రకటన ఒకటి పంపించాడు.

"ఎనిమిది సాంచాల మోతలో ఏ సాంచ చప్పుడు మారిందో వెనక్కి తిరగకుండా చెప్పేవాడిని. అట్లాంటి చెవులు నావి" అని రాశారు. ఈ మోత పోతుందా, ఇది ఆ ఇంజెక్షన్ వల్లనే వచ్చిందా, ఆ 18,000 పెట్టవచ్చా అని మూడు ప్రశ్నలు అడిగారు. ఏడో పేజీ అడుగున, బ్రాకెట్లో, చిన్న అక్షరాలతో ఇంకో సంగతి ఉంది: "పోయిన నెల రెండుసార్లు డయాలిసిస్‌కు పోలేదు. మానేస్తే ఈ మోత కూడా నాతోనే పోతుంది కదా అనిపించింది."

సమాధానం

అయ్యా, మీరు అడిగిన మూడు ప్రశ్నల కంటే ముందు ఆ బ్రాకెట్లోని మాటల గురించి మాట్లాడతాను. ఉత్తరం మొత్తంలో ముఖ్యమైనవి అవే. ఏడాదికి పైగా కంటినిండా నిద్ర లేకుండా, వారానికి మూడు రోజులు సూదులకు చేయి అప్పగిస్తున్న మనిషికి ఇక చాలనిపించడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ముఖం తెలియని నాకు ఆ మాట రాయగలిగారు కనుక, అదే మాటను మీ భార్యకూ, డయాలిసిస్ చూసే డాక్టరుకూ ఈ వారంలోనే చెప్పండి. వారికి చెప్పడానికి నోరు రాకపోతే ఆ ఏడో పేజీనే చేతికివ్వండి. అర్ధరాత్రి ఆ ఆలోచన వచ్చి ఎంతకీ వదలకపోతే ఇంట్లోవాళ్లను లేపండి. 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

డయాలిసిస్ మానేస్తే మోత తగ్గదు. ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తులను ముంచుతుంది, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, దురద, వికారం, మగత కమ్ముకుంటాయి. అంతవరకూ మీరు భరిస్తున్న చెవి మోత ఆ స్థితిలో ఇంకా భరించరానిదవుతుంది. డయాలిసిస్ కొనసాగించాలా వద్దా అని ఆలోచించే హక్కు రోగికి లేదని నేను అనను. అయితే ఆ ఆలోచన నాలుగు రాత్రులు సరిగా నిద్రపోయాక, కిడ్నీ డాక్టరు ఎదుట, ఇంటివాళ్లను పక్కన పెట్టుకుని చేయవలసినది. నిద్రలేమిలో, చెవి మోత బాధలో దాన్ని తేల్చకండి. పైగా మీ బాధలో చక్కదిద్దగలిగినవి కొన్ని ఉన్నాయి. వాటిని ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదని మీ ఉత్తరమే చెబుతోంది.

మీరు ఒకే మోత అనుకుంటున్నదానిలో రెండు వేరువేరు చప్పుళ్లు ఉన్నాయి. వాటి కారణాలు వేరు, చేయవలసినవీ వేరు.

ముందు ఆ రాత్రి చప్పుడు సంగతి చూద్దాం. ఫిస్టులా అంటే ధమనిని సిరతో కలిపి కుట్టిన చోటు. అక్కడ రక్తం చాలా వేగంగా ప్రవహిస్తుంది కాబట్టే వేలు పెడితే జుమ్మని అదురు తెలుస్తుంది, స్టెతస్కోపు పెడితే గుస్సు గుస్సుమని వినబడుతుంది. మీకు ఫిస్టులా ఉన్నది ఎడమ చేతికి. మీరు పడుకునేది ఎడమవైపు, అదే చేతిని తల కింద పెట్టుకుని. చప్పుడు వినబడేది ఎడమ చెవిలో, పడుకున్నాకే. మీ చెవి ఆనుకుని ఉన్నది మీ ఫిస్టులాకే కావచ్చునని నా అనుమానం. ఈ రాత్రే చూడండి. కుడివైపు తిరిగి, ఎడమ చేతిని దుప్పటి మీద విడిగా పెట్టి పడుకోండి. ఆ చప్పుడు ఆగిపోతే భయపడవలసింది లేదు, అది ఫిస్టులా పనిచేస్తున్నదనడానికి గుర్తు. అయినా ఆ అలవాటు మాత్రం మానాలి. ఫిస్టులా చేతి మీద తల బరువు పడితే రక్తం గడ్డకట్టి అది మూసుకుపోయే ప్రమాదం ఉంది. అదే జరిగితే డయాలిసిస్ కోసం మళ్లీ మెడ దగ్గర గొట్టం, మళ్లీ ఆపరేషన్ తప్పకపోవచ్చు. రోజూ ఉదయం ఫిస్టులా మీద వేలు పెట్టి చూసుకోండి. అదురు తెలియకపోతే మధ్యాహ్నం దాకా ఆగకుండా డయాలిసిస్ కేంద్రానికి వెళ్లండి.

చేయి తీసేసినా చప్పుడు వస్తూనే ఉంటే, కుడి చేతి మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, చప్పుడు నాడితో పాటే పడుతోందో లేదో లెక్కపెట్టండి. నాడితో పడే చప్పుడును ఏ డాక్టరూ వయసు అని కొట్టిపారేయకూడదు. రక్తహీనత వల్ల అది రావచ్చు. కిడ్నీ రోగుల్లో రక్తహీనత సాధారణం, దానికి ఇంజెక్షన్లు ఉన్నాయి. బీపీ అదుపులో లేకపోయినా వస్తుంది. షుగరు, గుండె జబ్బు ఉన్న మీ వంటివారిలో మెడ రక్తనాళం సన్నబడినందువల్ల కూడా వస్తుంది. అందుకే ఈఎన్‌టీ డాక్టరు మెడ మీద, చెవి వెనక స్టెతస్కోపు పెట్టి వినాలి. అవసరమైతే మెడ రక్తనాళాల్లో ప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ రాయాలి. "సార్, ఇది నాడితో పాటు కొట్టుకుంటోంది" అని మీరే ముందుగా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు చెవి మోత కింద జమకట్టే అవకాశం ఎక్కువ.

ఇక కీచురాయి సంగతి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఒకటి ఉంటుంది. అందులోని సన్నని రోమకణాలు చప్పుడును నాడీ సంకేతంగా మారుస్తాయి. ఎనిమిది గంటల పాటు 85 డెసిబెల్స్‌ను మించిన మోతలో రోజూ ఉంటే ఆ కణాలు క్రమంగా చనిపోతాయి. సాంచాల షెడ్డు మోత ఆ హద్దు లోపల ఉండేది కాదు, మీ పని ఎనిమిది గంటలతో ముగిసేదీ కాదు. పైస్థాయి చప్పుళ్లను పట్టే కణాలు ముందు పోతాయి. మీ మనవరాలు మాట్లాడితే గొంతు వినబడుతుంది గాని మాట తెలియడం లేదని నాలుగో పేజీలో రాశారు. పిల్లల గొంతు సన్నం, పైగా స, ష, చ, త వంటి హల్లుల పదును ఆ పైస్థాయిలోనే ఉంటుంది. చెవి నుంచి రావలసిన సంకేతం తగ్గిపోయినప్పుడు మెదడు, రేడియోలో స్టేషన్ సరిగా దొరకనప్పుడు మనం సౌండు పెంచినట్టు, తన వైపు నుంచి పెంచుకుంటుంది. అప్పుడు వినబడే గరగరే మీ కీచురాయి. బయట పురుగు లేదు, పుర్రెలో కూడా లేదు, మెదడులో కొత్త జబ్బు పుట్టిందనడానికి అది సూచన కూడా కాదు.

1953లో అమెరికాలో హెల్లర్, బర్గ్‌మన్ అనే ఇద్దరు, వినికిడి బాగున్న 80 మందిని చప్పుడు దూరని గదిలో ఒక్కొక్కరిని కొద్ది నిమిషాలు కూర్చోబెట్టారు. వారిలో 94 శాతం మంది ఏదో ఒక మోత విన్నట్టు చెప్పారు. పూర్తి నిశ్శబ్దంలో దాదాపు ప్రతి చెవీ ఏదో ఒకటి వింటుందన్నమాట. ఈ సమాధానం రాస్తున్న గదిలో ఫ్యాను ఆపితే నా కుడి చెవిలోనూ ఒక సన్నని ఈల వినబడుతుంది. అది వచ్చి తొమ్మిదేళ్లయింది. మొదటి ఏడాది నేను కూడా దాన్ని గంట గంటకూ వెతుక్కున్నాను కాబట్టి, మీరు రాసిన ప్రతి రాత్రీ నాకు అర్థమవుతుంది.

ఇంజెక్షన్ గురించి మీరు అడిగిన ప్రశ్నకు సూటిగానే చెబుతాను. అవును, అది ఒక కారణం అయి ఉండే అవకాశం బాగా ఉంది. అమికాసిన్ అదే రోమకణాలను దెబ్బతీయగల మందు. అది ఒంట్లోంచి పోయేది మూత్రపిండాల ద్వారానే కనుక, అవి పనిచేయనివారిలో ఎక్కువ సేపు నిలిచిపోతుంది. మందు ఆపిన కొన్ని వారాల తర్వాత కూడా దెబ్బ బయటపడవచ్చు. దాని పక్కనే మూత్రం కోసం లాసిక్స్ ఎక్కువ మోతాదులో ఇచ్చి ఉంటే చెవి మీద భారం ఇంకా పెరుగుతుంది. అయితే 31 ఏళ్ల షెడ్డు, 20 ఏళ్ల షుగరు ముందే చెవిని బలహీనపరిచాయి. ఎవరి వాటా ఎంతో ఇప్పుడు కొలిచే పరికరం లేదు. డయాలిసిస్ రోగికి రక్తంలో ఇన్‌ఫెక్షన్ వస్తే గంటల్లో ప్రాణం పోవచ్చు. ఆ రోజు ఆ మందు రాసిన డాక్టరు ముందున్నది చెవి కాదు, ప్రాణం. చెవికి ప్రమాదం ఉందని మీకో మీ ఇంటివాళ్లకో ఒక మాట చెప్పి ఉండవలసింది, వీలు చిక్కగానే వినికిడి పరీక్ష చేయించి ఉండవలసింది. అది జరగలేదన్న మీ కోపం న్యాయమైనదే. ఆసుపత్రికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయదలిస్తే చేయవచ్చు. దానికి కేసు షీటు నకలు కావాలి, నెలలు పడుతుంది, మోత మీద మాత్రం దాని ప్రభావం ఉండదు. మీ ఒంట్లో ఉన్న ఓపికలో ఎంత దానికి కేటాయించగలరో మీరే తేల్చుకోవాలి.

ఫిర్యాదు చేసినా చేయకపోయినా ఒక పని తప్పనిసరి. డయాలిసిస్ ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో "అమికాసిన్ తర్వాత వినికిడి తగ్గింది, చెవి మోత పెరిగింది" అని రాయించండి. మళ్లీ ఎక్కడ చేర్చినా ఆ పేజీ ముందుగా చూపించండి. చెవికి హాని చేయని మందు ఉంటే దాన్నే ఎంచుకుంటారు. లేకపోతే కనీసం మోతాదు, రోజులు చూసి ఇస్తారు. స్టెంటు కోసం వేసుకునే చిన్న మోతాదు ఆస్పిరిన్ గురించి మాత్రం భయపడి మీ అంతట మీరు ఆపకండి. చెవిలో మోత తెప్పించేది చాలా పెద్ద మోతాదులో వాడే ఆస్పిరిన్. స్టెంటు మందులు ఆపితే గుండెకే ముప్పు.

నూనె విషయంలో కొంచెం గట్టిగా చెప్పక తప్పదు. చెవిలో ఏ నూనే పోయించుకోకండి. షుగరు ఉన్నవారిలో చెవి గొట్టం చర్మం ఒరుసుకుపోతే అక్కడ పట్టిన ఇన్‌ఫెక్షన్ ఎముకలోకి దిగగలదు. రాత్రిపూట చెవిలో భరించలేని నొప్పి, చీము, ముఖం ఒక వైపు వంకరపోవడం దాని లక్షణాలు. ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అలాగే ఒక చెవి ఉన్నట్టుండి వినబడకుండా పోతే వారం చూద్దామనుకోవద్దు. మొదటి రోజుల్లో మొదలుపెట్టిన చికిత్సకే ఎక్కువ ఫలితం ఉంటుంది. స్టెరాయిడ్ మాత్రలతో షుగరు పెరుగుతుందనుకుంటే మందును నేరుగా చెవిలోకే ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతి కూడా ఉంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. రోమకణాలు మళ్లీ మొలవవు కాబట్టి మోత పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను. ఇస్తే మీకు మోసం చేసినవాడినవుతాను. దాన్ని పోగొట్టే మాత్ర ఏదీ ఇంతవరకు రాలేదు. బీటాహిస్టిన్ కళ్లు తిరగడానికి వాడే మందు. మామూలు చెవి మోత దానితో తగ్గుతుందనడానికి పరీక్షల్లో ఆధారం దొరకలేదు. తల తిరగడం లేదని మీరు రాశారు కనుక, దాన్ని కొనసాగించాలా అని రాసిన డాక్టరునే అడగండి. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు చెవి మోతకు జింకో అనే మూలిక, జింక్, ఇతర ఆహార పూరకాలు సిఫారసు చేయవద్దనే అన్నాయి. ఆ 18,000 రూపాయల కోర్సు పొట్లం మీద ఏముందో మీ కొడుకు ఫోటో పంపాడు. అందులో జింకో ఉంది. జింకో రక్తాన్ని పలచన చేయగలదు. మీరు ఇప్పటికే స్టెంటు మందుల మీద ఉన్నారు, డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కుతోంది. మిగతా పొడుల్లో ఏ భస్మం కలిసిందో రాయలేదు. వడగట్టే కిడ్నీలు లేని ఒంట్లోకి ఏముందో తెలియని పొడి వెళ్లకూడదు. మీ కొడుకు అంత దూరంలో ఉండి ఇంకేమీ చేయలేక, ప్రేమకొద్దీ పంపాడు. కోప్పడకండి, ఆ డబ్బు వినికిడి యంత్రానికి పనికొస్తుందని చెప్పండి.

పోదు అంటే ఇలాగే ఉంటుందని కాదు. మీరే రాసిన మాట ఒకటి మీకు తిరిగి గుర్తు చేస్తాను. ఎనిమిది సాంచాల మధ్య నిలబడినప్పుడు మొదటి వారం మీకు తల పగిలిపోయి ఉంటుంది. ఆరు నెలల తర్వాత? ఆ మోతలోనే పక్కవాడితో మాట్లాడారు, టీ తాగారు, నైట్ షిఫ్టులో గుడ్డ తాన్ల మీద కునుకు తీశారు. మోత రవ్వంత కూడా తగ్గలేదు. మీ మెదడు అది ప్రమాదం కాదని తేల్చుకుని, దాన్ని పక్కన పెట్టేసింది. ఒక సాంచ చప్పుడు మారితే మాత్రం వెంటనే పట్టింది, ఎందుకంటే దానితో కూలికి సంబంధం ఉంది. ఇప్పుడు కీచురాయి విషయంలో మీ మెదడు దీన్ని ఆ మారిన సాంచలాగా పట్టుకుంది. చావుబతుకుల ఆసుపత్రి రోజుల వెంటనే మొదలైంది కాబట్టి, దాన్ని ఆపద కింద లెక్కవేసి గంట గంటకూ చూసుకుంటోంది. మిగిలిన ఏడు సాంచల మోతలోకి దాన్ని తిరిగి పంపించడమే మీరు చేయవలసింది. ఆ డాక్టరు "అలవాటు చేసుకో" అన్నది తప్పు కాదు, ఎలాగో చెప్పకుండా పంపడమే తప్పు.

దానికి వినికిడి యంత్రం మొదటి దారి అని నా అభిప్రాయం. బయటి చప్పుళ్లు తిరిగి లోపలికి వస్తే మెదడు అంత సౌండు పెంచుకోనక్కర లేదు. వినికిడి తగ్గి మోత ఉన్నవారిలో చాలామందికి యంత్రం పెట్టుకున్నంతసేపూ మోత వెనక్కి తగ్గుతుంది. మనవరాలి మాట తెలియడం అదనపు లాభం. అయితే మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు, మీ గొంతు మీకే కర్కశంగా ఉంటాయి. చాలామంది అక్కడే విసిగి దాన్ని బీరువాలో పెట్టేస్తారు. రెండు మూడుసార్లు తిరిగి వెళ్లి సరిచేయించుకునే ఓపిక ఉంటేనే కొనండి, కొనేముందు కొన్ని రోజులు పెట్టుకుని చూడనివ్వమని అడగండి. ముందుగా వినికిడి పరీక్ష కావాలి. సిరిసిల్లలో గాని కరీంనగర్‌లో గాని ప్రభుత్వ ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో మొదలుపెట్టండి. గులిమి అడ్డుపడి ఉంటే తీయడంతోనే కొంత తేడా రావచ్చు. అక్కడ సరిపోదంటే హైదరాబాదులో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. వినికిడి లోపం తగినంత ఉండి వైకల్య ధ్రువపత్రం వస్తే కేంద్ర ప్రభుత్వ పథకం కింద యంత్రం ఉచితంగానే దొరకవచ్చు. ప్రయాణం మంగళవారమో గురువారమో పెట్టుకోండి. డయాలిసిస్ అయిన సాయంత్రం నీరసంలో చేసిన వినికిడి పరీక్ష సరిగా రాదు, ప్రయాణం కోసం డయాలిసిస్ తప్పించడం అసలే వద్దు.

అంత దూరం తిరిగే శక్తి ఇప్పుడు లేదనుకుంటే, ఇంట్లోనే చేయగలిగినది చిన్నదేమీ కాదు. రాత్రి నిశ్శబ్దం మీకు పనికిరాదు. టేబుల్ ఫ్యాను గోడవైపు తిప్పి పెట్టండి, లేదా రేడియో చాలా తక్కువ సౌండులో పెట్టండి. మోతను ముంచేసేంత సౌండు వద్దు. ఫ్యాను చప్పుడు, కీచురాయి రెండూ పక్కపక్కన వినబడేంత చాలు. పూర్తిగా ముంచేస్తే మెదడు దాన్ని పక్కన పెట్టడం నేర్చుకోదు. ఫోనుల్లో వాన చప్పుడు, వాగు చప్పుడు దొరుకుతాయి గాని, రోజుకు ఇన్ని నీళ్లే తాగాలన్న నియమం ఉన్న మీకు రాత్రంతా నీటి చప్పుడు దాహం గుర్తు చేస్తుంది. ఫ్యానే మేలు. డయాలిసిస్ మంచం మీద ఆ నాలుగు గంటలూ మోతను వింటూ పడుకోకుండా, ఒక చెవికి ఇయర్‌ఫోను పెట్టి తక్కువ సౌండులో వార్తలో హరికథో వినండి.

మీ నిద్ర పాడవడానికి మోత ఒక్కటే కారణమని నేను నమ్మడం లేదు. కాళ్లలో పురుగులు పాకినట్టుంటే లేచి నడుస్తానని, వీపు గోక్కుంటూ కూర్చుంటానని మీరే రాశారు. అవి రెండూ కిడ్నీ జబ్బుతో వచ్చేవి. ఇనుము తక్కువైతే కాళ్ల బాధ పెరుగుతుంది, రక్తంలో ఫాస్ఫరస్ ఎక్కువైతే దురద పెరగవచ్చు. రెండింటికీ పరీక్షలు, మందులు ఉన్నాయి. మీరు వాటితో లేస్తున్నారు, లేచాక మోత వినబడుతోంది, నింద మోత మీద పడుతోంది. డయాలిసిస్ మంచం మీద రెండు గంటలు, ఇంటికొచ్చాక ఇంకో మూడు గంటలు నిద్రపోతే రాత్రికి నిద్ర ఎక్కడ మిగులుతుంది? పగటి నిద్రను ఒక గంటకు తగ్గించి చూడండి. షాపులో కొన్న నిద్రమాత్ర పేరు కిడ్నీ డాక్టరుకు చెప్పండి. కిడ్నీలు పనిచేయనివారిలో కొన్ని మందులు పేరుకుపోయి మత్తు, తడబాటు తెస్తాయి, నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ వంటివి మరీ ఎక్కువ. రాత్రి లేచి పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. అప్పుడప్పుడు కాక రోజూ వేసుకుంటూ ఉంటే ఒక్కసారిగా మానకండి, డాక్టరు చెప్పిన ప్రకారం తగ్గించండి.

ఆలోచనల తీరును సరిచేసే చికిత్స ఒకటుంది, సీబీటీ అంటారు. 28 అధ్యయనాలను కలిపి 2020లో చేసిన సమీక్షలో, అది మోత కలిగించే బాధను తగ్గిస్తుందని తేలింది. రాత్రి రెండింటికి "ఇది పెరుగుతోంది, నాకు పిచ్చెక్కుతుంది" అన్న ఆలోచన వస్తుందని రాశారు. ఆ వాక్యాన్ని పట్టుకుని, నిజంగా పెరిగిందా, నిన్నటికంటే ఎంత, పిచ్చెక్కిన గుర్తు ఏది అని ఒక్కొక్కటిగా పరీక్షించడం నేర్పుతారు. దీనికి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. వాళ్లు మీకు డిప్రెషన్ ఉందా అని కూడా చూస్తారు, నా అనుమానం ఉందనే. డిప్రెషన్‌కు మందు ఇస్తే అది మోతకు మందు కాదు, కాని దిగులు తగ్గిన మనిషికి అదే మోత వేరుగా వినబడుతుంది. మందు ఏదైనా డయాలిసిస్ సంగతి చెప్పి, కిడ్నీ డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి.

మీ ఇంటివాళ్లు చెవి కోసమని మీ టీ కూడా మాన్పించారని రాశారు. టీ మానితే మోత తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. మీ రోజువారీ నీటి లెక్కలో ఒదిగితే పొద్దుటి టీ తాగండి. కిడ్నీ కోసం, షుగరు కోసం, గుండె కోసం ఇప్పటికే ఎన్నో వదులుకున్న మనిషి దగ్గర నుంచి చెవి పేరుతో ఇంకొకటి లాక్కోవడం నాకు ఇష్టం లేదు. మీ కొడుకుతో మాత్రం ఒకసారి మాట్లాడండి. మోత ఎంత ఉందో రోజూ చెప్పడం మానేసి, "రాత్రి నాలుగు గంటలు పన్న, ఫ్యాను పెట్టుకున్న" అని చెప్పండి. అతనికి వినడానికి అది సులువు, మీకు కూడా మోతను రోజూ కొలిచే పని తప్పుతుంది.

ఇవన్నీ ఒకేసారి చేయనక్కర లేదు. వచ్చే డయాలిసిస్‌కు తప్పకుండా వెళ్లండి, వెళ్లినప్పుడు కాళ్ల బాధ, దురద, నిద్రమాత్ర, ఆ ఏడో పేజీ, ఈ నాలుగూ డాక్టరుకు చెప్పండి. వినికిడి పరీక్ష ఆ తర్వాతి వారం పెట్టుకోవచ్చు. ఈ రాత్రికి మాత్రం ఎడమ చేయి తల కింది నుంచి తీసి, కుడివైపు తిరిగి పడుకోండి. ఆ గుస్సు గుస్సు చప్పుడు ఏమైందో నాకు రాయండి. మీ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను.